తొంభైయారు మరమేకుల వంతెన

సువర్ణఘట్ట రాజ్యపు ఉత్తరపు ఎల్లలో కరాళకందరమనే లోయ ఉంది. పూర్వం అందులో స్ఫటికనిర్మలమైన సెలయేరు పారేది. దాని ఒడ్డున మొగలిపొదలు పరిమళించేవి, లేళ్ళు మోకాళ్ళ మీద వంగి నీళ్ళు తాగేవి. శల్యకంఠుడనే మాంత్రికుడు ఆ లోయ అడుగున కాపురం పెట్టిన ఏడాదికి అక్కడ నీరన్నది మిగలలేదు. ఇప్పుడు అక్కడ ఉన్నది చీము రంగు జిగట. అది పారదు, పాకుతుంది. దాని మీద అరచేయంత బుడగలు ఉబ్బి, పగిలి, నాలుగు దినాల పుండుకు కట్టు విప్పినప్పటి వాసన వదులుతాయి. కొయ్య తగిలితే గడియలో బెండులా మెత్తబడుతుంది. తాడు తగిలితే ఉడికిన నారలా విడిపోతుంది. ఇనుమును మాత్రం ఆ జిగట ఏమీ చేయలేదు. ఇనుము మీద గౌరవం చేత కాదు, ఇనుము దానికి అరగదు.

ఆ జిగట నడుమ నిలిచిన ఒంటరి బండ మీద ముప్పైయారుగురు నేతపనివారు, వారితోపాటు రాకుమారి మంజులిక, జిగట అడుగంటి ఉన్న వేళ లోయ దాటబోయి, అది ఒక్కసారిగా పొంగడంతో మూడు దినాలుగా చిక్కుకుని ఉన్నారు. జిగట పూటపూటకూ పైకి వస్తున్నది. ఆనాటి సూర్యాస్తమయానికి బండ మునుగుతుంది. ఇది జ్యోతిష్కులు చెప్పిన జోస్యం కాదు. ఒడ్డున దిగవేసిన ఇనుప గునపం మీద మూడు దినాలూ కొలిచి తేల్చిన సంగతి.

మంజులికను రక్షించాలన్న ఆత్రం ఆమె పినతండ్రి భైరవవర్మకు కలిగిందంటే ఆ రాజ్యంలో నమ్మే ప్రాణి లేదు. అన్నగారు చనిపోయిన నెలలోనే సింహాసనమెక్కి, అన్న కుమారుడైన శరభపాలుని తల తెచ్చినవారికి సగం సీమ రాసిస్తానని చాటించిన మనిషి అతడు. కానీ రాజముద్ర చెక్కిన ఉంగరం మంజులిక వేలికి ఉంది. ముద్ర లేనిదే పట్టాభిషేకం చెల్లదు. అందువల్ల భైరవవర్మకు కరుణ పుట్టింది. ఇనుపపల్లె కమ్మరుల చేత పదమూడు ముక్కల ఇనుప వంతెన చేయించి, బండ్ల మీద లోయ ఒడ్డుకు పంపించాడు. దానితోపాటు గుణనిధి అనే అధికారిని కూడా పంపించాడు. వంతెనకు జరిగిన అపకారాల్లో మొదటిది అదే.

ఉదయం మొదటి జాము కాకముందే కమ్మరిపెద్ద ఓబులమ్మ పెట్టె మూత ఎత్తింది. అరవై ఏళ్ళ మనిషి. కొలిమి సెగకు కనురెప్పల వెంట్రుకలు ఏనాడో కాలిపోయాయి. 

పెట్టెలో ఒక పక్క తొంభైయారు మరమేకులున్నాయి: బొటనవేలంత లావున, ఒళ్ళంతా చుట్లు తిరిగిన ఇనుప మేకులు. మరో పక్క వాటి చివర తొడిగి బిగించే తొంభైయారు బిళ్ళలున్నాయి. అన్నీ పెళ్ళిపందిట్లో ఇత్తడి బిందెల్లా తళతళలాడుతున్నాయి.

"ఏం చేసినావు సామీ?" అంది ఓబులమ్మ.

"శుభ్రం చేయించాను," అన్నాడు గుణనిధి. అత్తరులో ముంచిన రుమాలు ముక్కు మీద నుంచి తీయకుండానే మాట్లాడాడు. "దారిలో బండ్లాగిన చోట చూస్తిని కదా, ఒక్కో మేకుకు ఒక్కో బిళ్ళ, వాటికో ఎర్రదారం, పైన ఆముదం జిడ్డు. రాచకార్యానికి వెళ్ళే వస్తువులు అలాగా ఉండేది? దారాలు తెంపించాను. చింతపండు పులుసుతో తోమించాను. మేకులొకచోట, బిళ్ళలొకచోట పేర్పించాను. చూడు, ముఖం చూసుకోవచ్చు."

"చూసుకో సామీ. నీకే పనికొస్తాది."

ఇక్కడ ఒక విషయం తెలియాలి. ఇనుపపల్లెలో మరమేకునూ దాని బిళ్ళనూ ఒకే కూర్చున్న చోట, ఒకే చేత్తో, ఒకదానికొకటి సరిచూస్తూ కోస్తారు. చుట్టుకూ చుట్టుకూ మధ్య ఎడం మనిషి చేతిని బట్టి మారుతుంది. అదే మనిషి పొద్దున కోసిన చుట్టు మాపటికి వెంట్రుకవాసి తేడా వస్తుంది. కనుక ఏ మేకుకు ఆ బిళ్ళే ఎక్కుతుంది, పక్క బిళ్ళ ఎక్కదు. ఆ జతను గుర్తుపట్టేందుకే ఎర్రదారం. ఇనుము మీదే గుర్తు కొట్టరాదా అంటే, ముగించిన ఇనుము మీద గాటు పెట్టడం ఆ పల్లెలో అపచారం.

ఇది శల్యకంఠుడు చేసి ఉంటే ద్రోహమనవచ్చు. ద్రోహానికి ఒక ఉద్దేశమైనా ఉంటుంది. గుణనిధికి అది కూడా లేదు. పనివారి మురికిని మించిన పాపం లోకంలో లేదని నమ్మే మనుషుల్లో అతడొకడు. అటువంటివారు తోమి పాడుచేసినంతగా తుప్పు ఏ వస్తువునూ పాడుచేయలేదు.

ఓబులమ్మ సంగతి వివరించింది. గుణనిధి విని నవ్వాడు.

"ఇనుము ఇనుమే కదమ్మా. ఎక్కకపోతే కొట్టి ఎక్కించాలి." అంటూ అతడు ఒక మేకూ ఒక బిళ్ళా తీసి బంటు చేతిలో పెట్టాడు. బంటు బిళ్ళను కుడికి తిప్పాడు. అది మొదటి చుట్టులోనే మొరాయించింది. సుత్తి ఎత్తి మూడు దెబ్బలు వేశాడు. నాలుగోది పడేలోగా ఓబులమ్మ అతని మణికట్టు పట్టుకుంది. ఇనుప చుట్లు నలిగి, నమిలి ఉమ్మిన చెరకు పిప్పిలా అయ్యాయి.

"పుల్లప్ప చేతి జతే అది," అంది ఆమె మెల్లగా. "వాడు ఎడమచేతి మనిషి. వాడి చుట్లు ఎడమకు తిరుగుతాయి. మీరు కుడికి తిప్పి సంపినారు. ఇంక తొంభైఐదు."

ఆ మాట వింటూ రొట్టెల పొయ్యి దగ్గర ఒక వంటవాడు నిలబడి ఉన్నాడు. దండులో అతన్ని బసవడని పిలుస్తారు. మోచేతుల దాకా జొన్నపిండి, ముఖమంతా పెనం మసి. ఆ మసి అలంకారం కాదు. సువర్ణఘట్ట రాజవంశంలో పుట్టిన మగవారికి ఎడమ కనుబొమ్మ పుట్టుకతోనే తెల్లగా ఉంటుంది, దాన్ని కప్పేందుకు వేరే దారి లేక అతడు రోజూ మసి పూసుకుంటున్నాడు. అతడే శరభపాలుడు. చెల్లెల్ని దక్కించుకోవడానికి తన తల కోసం వెదికే దండులోనే చేరి, ఆ దండుకే రొట్టెలు కాలుస్తున్నాడు.

"అవ్వా," అన్నాడు అతడు దగ్గరికి వచ్చి, "ఒక్కో జత వెదకాలంటే తొంభైఐదింటినీ తొంభైఐదింటితో సరిచూడాలి. పొద్దు చాలదు. చేతిని బట్టి చుట్టు మారుతుందన్నావు. ఎంతమంది చేతులు?"

"నలుగురం. నాది బొటనవేలి వెడల్పులో తొమ్మిది చుట్లు. కొండప్పది ఏడు. ముద్దయ్యది ఎనిమిది. పుల్లప్పదీ ఎనిమిదే, కాకుంటే ఎడమ."

"మేకుల మీద లెక్కపెట్టవచ్చు. బిళ్ళల లోపల?"

"లోపల చూపు ఆనదు నాయనా. అదే నా ఏడుపు."

శరభపాలుడు పిసికిన పిండి చిటికెడు తీసి తాడులా పేనాడు. దాన్ని బిళ్ళ లోపలి గోడకు బొటనవేలితో అదిమి, జాగ్రత్తగా ఊడదీశాడు. పిండి మీద చుట్ల అచ్చు, ఏ పక్కకు వాలిందో కూడా తెలిసేలా, గీతలు గీతలుగా తేలింది. ఓబులమ్మ దాన్ని వెలుతురుకు పెట్టి గోటితో లెక్కించింది. ఏడు.

"కొండప్పది," అంది. తర్వాత అతని ముఖంలోకి చూసింది. "నువ్వు రొట్టెలు కాల్చేవాడివేనా?"

"మాడ్చేవాణ్ణి. దండులో ఎవరినైనా అడుగు." ఒక క్షణం ఆగి అన్నాడు. "ఒక్క గాటు పెట్టి ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు కదా అవ్వా."

"అది మా పల్లె పొగరు. ఇంకోనాడు తీరిగ్గా తిట్టు, పడతాను. ఇప్పుడు పిండి పిసుకు."

గుణనిధి ఈ పని చూసి ముఖం తిప్పుకున్నాడు. తోమించిన బిళ్ళలకు మళ్ళీ పిండి అంటుతున్నదని అతని బాధ. బంట్లలో ఆరుగురు అతని వైపు చూడకుండా వచ్చి కూర్చున్నారు. నాలుగు కుప్పలు తేలాయి. ఒక్కో కుప్పలో ఇరవైనాలుగు జతలు, పుల్లప్ప కుప్పలో ఇరవైమూడు. కుప్పలోపల సరిచూడటం జాము పని. సరైన జత దొరికినప్పుడు బిళ్ళ వేలి కొసతో తిప్పినా నూనెలో జారినట్టు దిగుతుంది. ఆ సుఖం తెలిసిన బంట్లు రెండో జత కోసం ఎవరూ చెప్పకుండానే చేయి చాచారు.

వంతెనకు పదమూడు ముక్కలు, పన్నెండు కూడళ్ళు, కూడలికి ఎనిమిది మేకులు. ఒకే మనిషి మేకులు ఒకే కూడలికి వేయరాదని ఓబులమ్మ పట్టుబట్టింది. "నలుగురి చేతులూ ప్రతి కూడలిలో ఉండాల. ఒకడు తప్పు చేసుంటే ముగ్గురు మోస్తారు." అలా ప్రతి కూడలికి ఒక్కొక్కరివి రెండేసి పడ్డాయి. రెండు కొసల నుంచీ బిగిస్తూ చివరికి ఏడో కూడలి దగ్గరికి వచ్చేసరికి పుల్లప్పది ఒక్కటే మిగిలింది. అది సరిగ్గా లోయ నడిమికి వచ్చే కూడలి. ఓబులమ్మ ఖాళీ కన్నం మీద బొటనవేలు రాసింది. గుణనిధి వైపు చూసింది. అదీ చాలాసేపు కాదు.

మధ్యాహ్నం దాటాక వంతెనను ఇనుప దిమ్మెల మీద దొర్లించి లోయ మీదికి తోశారు. వంతెన జిగటలోకి జారకుండా ఒడ్డున మిగిలిన తోక మీద బండరాళ్ళు పేర్చారు. ముందు కొస కీచుమంటూ సాగి, జిగట మీదుగా తొమ్మిది బారలు పోయి, బండ అంచు మీద ఆనింది. అవతల నుంచి ఏడుపో నవ్వో తెలియని శబ్దం వినిపించింది.

"మొదట ఎవరు వెళ్ళేది?" అన్నాడు గుణనిధి. బంట్లు నేల చూశారు. "వంటవాణ్ణి పంపండి. వాడి రొట్టెలు తిన్నవాళ్ళెవరూ అడ్డుచెప్పరు. ఏరా బసవా, రాజముద్ర ఉన్న ఉంగరం మొదట తేవాలి. రాకుమారి రావచ్చు. మిగతావాళ్ళు వీలైతే."

"వీలైతే అంటే ఎంత పొద్దు దాకా దొరా?"

"ముద్ర చేతికొచ్చే దాకా."

శరభపాలుడు బిళ్ళలు బిగించే ఇనుప పిడి నడుముకు దోపుకుని వంతెన ఎక్కాడు. కింద జిగట అతని నీడను చూసి ఉబ్బింది. దానిలో నానిన కోడి ఈకలు, పశువుల దంతాలు, వెంట్రుకల ఉండలు తేలుతున్నాయి. వేలెడు పొడవు తెల్లని పురుగులు ఇనుము అంచును నాకి, రుచి నచ్చక వెనక్కు జారుతున్నాయి. అతడు ఊపిరి బిగబట్టి పరుగుపెట్టాడు. బండ మీద కాలు పెట్టగానే నేతవారు దారి ఇచ్చారు. మంజులిక ఎదురుగా వచ్చింది. మూడు దినాల ఆకలికి ఆమె చెంపలు లోతుకు పోయాయి, గొంతు మాత్రం పోలేదు.

"ఎవరు పంపారు నిన్ను?"

"ఉంగరం మొదట రావాలని గుణనిధి గారి ఆజ్ఞ," అన్నాడు అతడు తల దించుకుని.

"అయితే ఉంగరం ఆఖరున వస్తుంది. ముసలివాళ్ళను తీసుకుపో."

ఆ సమయంలో బండకు ఎడమ పక్క జిగట చీలింది. దానిలోంచి శల్యకంఠుడు నడుము దాకా పైకి లేచాడు. అతని జడలలో పురుగులు కాపురమున్నాయి. పెదవుల మూలల నుంచి పచ్చని జొల్లు తీగలుగా సాగి రొమ్ము మీద పడుతున్నది. నోట ఏదో నములుతున్నాడు. ఏమిటన్నది చూడకపోవడమే మేలు. దాన్ని ఎడమకు ఉమ్మి, చూపుడువేలితో గాలిలో ఎడమకు సున్నాలు చుట్టసాగాడు.

"కట్టినదల్లా విప్పుకోవాలి," అన్నాడు తడి గొంతుతో. "బిగించినదల్లా వదులు కావాలి."

వంతెన పొడవునా బిళ్ళలు తమంతట తాము ఎడమకు తిరగసాగాయి. ఓబులమ్మవి, కొండప్పవి, ముద్దయ్యవి వరుసగా వదులై, మేకుల కొసల నుంచి ఊడి, ఒక్కొక్కటే గుటుక్కున జిగటలో పడ్డాయి. ప్రతి గుటుక్కుకూ మాంత్రికుడు గుటకవేశాడు. వంతెన నడుము జానెడు కిందికి కుంగింది. నేతవారిలో ఒక ముసలమ్మ కళ్ళు మూసుకుంది.

కుంగింది, కానీ తెగలేదు. పుల్లప్ప బిళ్ళలు ఎడమకు తిరిగితే వదలవు, బిగుస్తాయి. శల్యకంఠుడు వేలు తిప్పినకొద్దీ అవి ఇనుమును ఇనుములోకి కొరుకుతూ కిర్రుమన్నాయి. మాంత్రికుడు మంత్రం తప్పిందనుకుని మరింత గట్టిగా తిప్పాడు. ఎడమచేతి మనుషులు లోకంలో ఉంటారన్న సంగతి అతని శాస్త్రంలో లేదు కాబోలు.

శరభపాలుడు మాత్రం ఆనందించలేదు. బిగువుకు హద్దుంది. హద్దు దాటితే మేకు మెడ తెగుతుంది. మిగతా కూడళ్ళలో రెండేసి మేకులు మోస్తున్న బరువు ఏడో కూడలిలో ఒక్క మేకు మోస్తున్నది. అతడు వెనక్కు పరుగెత్తి, నడిమి కూడలి దగ్గర బోర్లా పడుకుని, ఇనుప పిడితో ఆ బిళ్ళను కరచిపట్టి, ఎడమకు తిరగకుండా కుడికి అదిమాడు. మంత్రం ఎదురు లాగింది. అతని భుజాల కీళ్ళు టపటపలాడాయి.

"నా వీపు మీంచి దాటండి," అన్నాడు. "ఒక్కొక్కరే. పరుగెత్తవద్దు."

వాళ్ళు దాటారు. ముసలమ్మ దాటుతూ "కాలు తగిలింది నాయనా, ఏమనుకోకు" అంది. ఒకతను చంకలో మగ్గం పలకతో దాటబోతే వెనకనున్న భార్య దాన్ని లాగి బండ మీద పారేసింది. "ప్రాణం దక్కితే ఇంకోటి చేయించుకుందువులే, నడు." ఇరవైమంది, ముప్పైమంది. ప్రతి అడుగుకూ అతని చేతుల్లోని పిడి వెంట్రుకవాసి ఎడమకు పోయింది. జిగట వంతెన కిందికి మూరెడు దూరానికి వచ్చింది. ఒక బుడగ పగిలి, చీము చినుకులు అతని ముఖం మీద పడ్డాయి. మసి కరిగి చెంపల మీదుగా కారింది.

ముప్పైయారో మనిషి ఒడ్డెక్కేసరికి వంతెన మీద మంజులిక ఒక్కతే నడుస్తున్నది. ఒడ్డు నుంచి గుణనిధి తొంగిచూశాడు. వంటవాడి ఎడమ కనుబొమ్మ పాలనురుగులా తెల్లగా ఉంది.

గుణనిధి రుమాలు ముక్కు నుంచి కిందికి దించాడు. పొద్దున్నుంచీ అదే మొదటిసారి.

"తోక మీద రాళ్ళ దగ్గర నిలబడండి," అన్నాడు బంట్లతో. "రాకుమారి ఒడ్డెక్కిన మరుక్షణం దొర్లించండి. ఆ బోర్లా పడుకున్నవాడు శరభపాలుడు."

గొంతు తగ్గించి చెప్పాలన్న ఆలోచన కూడా అతనికి రాలేదు. వినేవారికి మనసుంటుందన్న అనుమానం అతనికి ఎన్నడూ లేదు. మంజులిక విన్నది. ఆమె ఒక కాలు అన్న వీపు అవతల వేసి ఉంది. ఆ కాలును వెనక్కు తీసుకుంది.

"మంజూ, వెళ్ళు," అన్నాడు శరభపాలుడు పళ్ళ మధ్య నుంచి.

"వెళితే ఏమవుతుందో విన్నావుగా."

"నువ్వు దక్కితే చాలు."

"నీకు చాలు. నన్నడిగావా?" ఆమె కుంగిన ఇనుము మీద, అతని తల పక్కన, భోజనానికి కూర్చున్నట్టు బాసిపట్టు వేసుకుని కూర్చుంది. "కొంచెం జరుగన్నయ్యా. ఎంత కంపు కొడుతున్నావో నీకు తెలియడం లేదు."

తర్వాత ఆమె వేలి ఉంగరం తీసి, రెండు వేళ్ళ కొసల మధ్య పట్టుకుని, చేయి చాచి జిగట మీదికి వేలాడదీసింది.

"గుణనిధి గారూ," అంది. "దొర్లించండి ఆ రాళ్ళు. ముద్ర కూడా మాతోనే వస్తుంది. లేదంటే ఆ కమ్మరి అవ్వను రెండో పిడి ఇచ్చి పంపండి. మా అన్నయ్య చేతులు అలిసిపోయాయి."

 ఇలాంటప్పుడు ఏ ఆజ్ఞ ఇవ్వాలో గుణనిధికి ఎవరూ నేర్పలేదు. బంట్లు రాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఉదయం పిండిచేతులతో జతలు వెదికిన ఆరుగురూ చేతులు తీసేశారు. ఓబులమ్మ ఎవరి అనుమతీ అడగలేదు. చీర కుచ్చిళ్ళు దోపుకుని, పిడి భుజాన వేసుకుని వచ్చింది.

"తప్పుకో సామీ. పాదాలకు జిడ్డంటుతాది."

ఆమె మొదటి అడుగు వంతెన మీద పడగానే పన్నెండు కూడళ్ళూ ఒకేసారి మూలిగాయి. శల్యకంఠుడు వేలు తిప్పడం మాని జిగటలోకి మునిగాడు. అతడు మునిగిన చోట ఒక బుడగ లేచింది. ఆ తర్వాత మరొకటి, వంతెన వైపు. తర్వాత ఇంకొకటి, ఇంకా దగ్గరగా. అన్నాచెల్లెళ్ళ కింద జిగట చీలి ఒక చేయి పైకి వచ్చింది. గోళ్ళు వంకర తిరిగి అరచేతిలోకే దిగబడి ఉన్నాయి, వాటి సందుల్లో తెల్లని పురుగులు మెదులుతున్నాయి. ఆ చేయి గోళ్ళను ఒక్కొక్కటిగా మాంసంలోంచి ఊడబెరుక్కుని, ఉంగరానికి సరిగ్గా కింద, భిక్షకు చాచినట్టు విప్పుకుంది.

చేయి వెనక్కు తీస్తే ఒడ్డున రాళ్ళు దొర్లుతాయి. మంజులిక తన చేయి వెనక్కు తీసుకోలేదు.